అడుగులేని బుట్ట, అరవకూడని ఆట

ఈ యాత్రలో మంచుకొండలు లేవు, సముద్రం లేదు. పాస్‌పోర్టు అవసరం రాలేదు, ఆధార్ కార్డు కూడా ఎవరూ అడగలేదు. మూడు రోజుల్లో నేను చూసినవి ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్, ఒక బేస్‌బాల్ మ్యాచ్, ఒక షెడ్డు నిండా పట్టుపురుగులు. ఈ మూడూ ఒకే ప్రయాణంలో చూసినవాళ్లు మీలో ఉండరని ధైర్యంగా అనుకుని రాస్తున్నాను.

వెళ్లడానికి కారణం పుంగనూరులో మా కాలేజీ వెనక ఉన్న మైదానం. ఉన్నది అదొక్కటే. అక్కడ గ్యాలరీతో సహా కాంక్రీటు బాస్కెట్‌బాల్ కోర్టు వేయిస్తామని పాత విద్యార్థులు కొందరు ముందుకొచ్చారు. నడిమధ్యలో కోర్టు వస్తే అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు ఆడే చోటుండదు. చోటు లేకపోతే జట్టుండదు. ఆ జట్టులో బంతి విసిరే అమ్మాయి, అంటే పిచ్చర్, మా పిన్ని కూతురు భార్గవి. డిగ్రీ రెండో సంవత్సరం.

ప్రిన్సిపాల్ మేడం ఎటూ తేల్చలేక, ఏ ఆటకు జనం వస్తారో చూసి రెండు పేజీలు రాసివ్వమని ఆటల సారు గంగులప్పను అడిగారు. ఆయన ఆ రెండు పేజీలనూ నా నెత్తిన పెట్టారు. నేను ఆ కాలేజీ పాత విద్యార్థిని. ఇప్పుడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. ఊళ్లో ఏ నాయకుడి పుట్టినరోజైనా ఆయన కంటే ముందు నాకే తెలుస్తుంది.

"నేనే యాల సార్?" అన్నాను.

"నువ్వు అందర్నీ ఒకే మాదిరి ఎగతాళి సేస్తావు హరీ. నీకు పక్షపాతం ఉండదు."

ఉంది. నేను మూడేళ్లు బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాను. ఆడాను అనడం లేదు, ఉన్నాను అంటున్నాను. తీర్పేమిటో బస్సెక్కకముందే నాకు తెలుసు.

మదనపల్లె: గోడమీద జనం

మదనపల్లెలో బస్సు దిగిన రెండు నిమిషాల్లో ఆ రోజు టమాటా ధర తెలిసిపోతుంది. ఎవరినీ అడగక్కర్లేదు, హోటల్లో కూర్చుంటే చాలు. నేను మరమరాల ఉగ్గాని చెప్పాను. మా ఊళ్లో ముప్పై రూపాయలకు రెండు బజ్జీలతో ఇస్తారు. ఇక్కడ నలభై, బజ్జీ ఒకటే. కానీ టమాటా చట్నీ అడగకుండానే మూడుసార్లు పోశారు. ధర పడిపోయిందని అర్థమైంది.

మ్యాచ్ సాయంత్రం నాలుగింటికి. కోర్టు అక్కడి కాలేజీ ముందువైపు, రోడ్డును ఆనుకునే ఉంది. మధ్యలో నడుమెత్తు గోడ. లోపల కుర్చీలున్నా జనమంతా గోడమీదే కూర్చున్నారు. ఒక కాలు లోపలికి, ఒక కాలు రోడ్డువైపు. నాకు దొరికిన చోటు పలక డప్పులు వాయించే కుర్రాళ్ల పక్కన. బుట్టలో బంతి పడితే వాయించారు, పడకపోతే ఓదార్పుగా వాయించారు, ఆట ఆగితే తీరికగా వాయించారు. రెండో క్వార్టర్ నుంచి నా ఎడమ చెవి సెలవు పెట్టింది.

కుడి చెవి వైపు కూర్చున్నాయన పేరు రెడ్డెప్ప. టమాటా మండీలో హమాలీ. నలభై దాటుంటాయి. ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం విప్పి నా ముందు పెట్టాడు.

"రోజూ వస్తావా అన్నా?" అన్నాను.

"ఆట ఉండే రోజు వస్తా. మండీ నుంచి బస్టాండుకు పొయ్యే దోవ ఇదే గదా."

"రూల్స్ తెలుసా?"

"బుట్టలో ఏస్తే పాయింటు. ఇంగేమి తెలియాల?" ఒక కాయ ఒలిచి, కాసేపు చూసి, "అయితే ఒకటి. ఆ బుట్టకు అడుగు లేదు సూడు. మా మండీలో అట్లాంటి బుట్ట తెస్తే మేస్త్రీ తరుముతాడు. ఎన్ని ఏసినా నిండదు, మళ్లా ఏస్తానే ఉండాల. అందుకే పిలకాయలు అట్ల ఉరుకుతాండారు," అన్నాడు.

మూడేళ్లలో మా కోచ్ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఆట నిజంగా బాగుంది. రెండు చేతుల మీద రోమాలు లేచేంత బాగుంది. ఒక బక్క కుర్రాడు ముగ్గురి మధ్య నుంచి జారి, గాల్లోనే చెయ్యి మార్చి బంతి వేశాడు. రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఆగింది. వెనక లారీవాడు హారన్ కొట్టబోయి, ఏం జరిగిందో చూసి వాడూ ఆపాడు. ఆటలో ఉన్న మహత్తు ఇదే. అప్పటిదాకా ఏం జరిగిందో తెలియనక్కర్లేదు, తల తిప్పిన క్షణంలో ఏదో ఒకటి జరుగుతుంది. నేను తలలు లెక్కపెట్టాను. నూట ఎనభై దాకా వచ్చాక ఒక మేక గోడెక్కింది. అక్కడ ఆపేశాను.

స్కోరు అరవై ఒకటి, అరవై ఒకటి. ఆటకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. నేను గోడమీద నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు రెడ్డెప్ప పొట్టు దులుపుకుని కిందికి దిగాడు.

"యాడికన్నా?"

"ఐదూ ఇరవై బస్సు."

"ఇద్దరూ సమానంగా ఉండారు. రెండు నిమిషాలే."

"ఎవురో ఒకరు గెలుస్తారు లేప్పా. బస్సు పోతే మళ్లా ఏడింటికి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "చెనక్కాయలు తిను. ఆరిపోతే బాగుండవు."

ఆయన ఒక్కడే కాదు. గోడ దాదాపు ఖాళీ అయింది. అంత గొప్ప ముగింపును పలకలవాళ్లూ, నేనూ, మేకా చూశాము. మదనపల్లె రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. తిరుగు బస్సులో ఒకాయన నన్ను ఎవరు గెలిచారని అడిగి, జవాబు వినేలోపు నిద్రపోయాడు.

పుంగనూరు: దారిలో మా ఇల్లు

మదనపల్లె నుంచి బేస్‌బాల్ మ్యాచ్ ఉన్న కుప్పం వెళ్లాలంటే పుంగనూరు మధ్యలోనే ఉంటుంది కాబట్టి రెండో రోజు మా ఇంట్లోనే మకాం. యాత్రికుడు సొంత ఇంట్లో దిగితే అద్దె ఉండదు గానీ గిన్నెలు కడగాల్సి వస్తుంది. పుంగనూరు అనగానే బయటివాళ్లు పొట్టి ఆవు గురించి అడుగుతారు. మా ఇంట్లో లేదు. మా వీధిలో లేదు. నేనూ వీడియోల్లోనే చూశాను.

మధ్యాహ్నం అమ్మ రాగిసంగటి, చెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి పెట్టింది. భార్గవి గ్లవ్ చంకలో పెట్టుకుని వచ్చి నా పళ్లెంలోంచే ఒక ముద్ద తీసుకుంది.

"ఎంతమంది వచ్చినారన్నా?"

"నూట ఎనభై. మేకను కలపలేదు."

ఆమె ముద్దను ఊరిబిండిలో ముంచి నమిలింది. ఆ పిల్ల మాట్లాడకపోతే ఇంట్లో ఫ్యాను శబ్దం పెద్దదవుతుంది.

"పోయినసారి మీ ఆటకు ఎంతమంది?" అన్నాను.

"ఇరవై రెండు. అందులో నలుగురు దోవ తప్పినోళ్లు."

"రొంత పెంచి రాసేదా?"

"వద్దు," అంది వెంటనే. "అబద్ధం రాసి మైదానం నిలబెడితే, ఆడ బాలేసిన పతిసారీ నీ మొగమే గుర్తొస్తాది. నాకు ఆ శిక్ష యాల? నువ్వు సూసింది రాయి. కాకపోతే ముందర కూసోని సూడు. బెంచి కాపలా మూడేండ్లు కాసినావు, మూడు గంటలు కూసోలేవా?"

అమ్మ గట్టిగా నవ్వింది. ఆమె ఎవరికి అమ్మో నాకు అర్థం కాలేదు.

గంగవరం: నాలుగు గ్లాసుల పాఠం

మూడో రోజు తెల్లారి జట్టు టెంపోలోనే నాకూ చోటిచ్చారు. చోటంటే, బ్యాట్ల సంచికీ హెల్మెట్ల సంచికీ మధ్య మిగిలిన గాలి. పలమనేరు పక్కన గంగవరంలో టీకి ఆపారు. టీ పది రూపాయలు, గ్లాసు మా ఊరి గ్లాసులో ముప్పావు. పంచె ఎగ్గట్టిన ఒక పెద్దాయన బ్యాట్లు చూసి దగ్గరికొచ్చాడు.

"క్రికెట్టామ్మా?"

"కాదు తాతా, బేస్‌బాలు," అంది భార్గవి.

"వికెట్లు యాడ?"

"వికెట్లుండవు." ఆమె బల్లమీద ఖాళీ టీ గ్లాసులు నాలుగు చతురస్రంగా పెట్టింది. "ఇది ఇల్లు. ఈడ నిలబడి బాలు కొట్టాల. కొట్టి ఈ గ్లాసు కాడికి, ఆడ నుంచి దీని కాడికి, మళ్లా దీని కాడికి ఉరకాల. మధ్యలో వాళ్లు బాలుతో తాకితే ఔటు. తప్పించుకోని మళ్లా ఇంటికొస్తే ఒక పరుగు."

పెద్దాయన నాలుగు గ్లాసులనూ వరసగా చూశాడు. "కడాకు వచ్చేది ఇంటికే గదా?"

"ఔను."

"మరి యాలమ్మా పొయ్యేది? ఈడనే ఉంటే సరిపాయ గదా."

జట్టంతా నవ్వింది. నేను మాత్రం ఆ ప్రశ్న నోట్‌బుక్కులో రాసుకున్నాను. నాకు కలిసొచ్చే సాక్ష్యం కదా.

కుప్పం: ఏమీ జరగని గంట

మైదానం కుప్పం దాటి గుడుపల్లె దారిలో ఉంది. మూడువైపులా మల్బరీ తోటలు, నాలుగోవైపు రోడ్డు. ఎడమవైపు తోటకు ఆనుకుని రేకుల షెడ్డు. పది మైళ్లలో మూడు భాషలు మారే చోటు ఇది. ఇడ్లీ అమ్మే ఆమె నన్ను తమిళంలో పిలిచి, తెలుగులో బేరం చెప్పి, ఇరవై కన్నడంలో తీసుకుంది. సాంబారు మాత్రం ఏ భాషలోనూ కారం లేదు.

ప్రేక్షకులు ముప్పై ఏడుగురు. స్థానిక కాలేజీ అమ్మాయిలు, రాయి కోసే ఫ్యాక్టరీలో సెలవున్న కొందరు, పట్టుపురుగులు పెంచే రైతులు. అందరూ గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదటి గంటలో జరిగింది రాస్తాను: భార్గవి బాలు చేతిలో తిప్పింది. ఎదురుగా కూర్చుని బాలు పట్టే క్యాచర్ వేళ్లతో ఏదో చెప్పింది. భార్గవి తల అడ్డంగా ఊపింది. క్యాచర్ ఇంకేదో చెప్పింది. భార్గవి నేల చూసింది. విసిరింది. కొట్టే అమ్మాయి కొట్టలేదు. ఇదే మళ్లీ, మళ్లీ. నేను నోట్‌బుక్కులో "విసుగు" అని రాసి కింద గీత గీశాను. తోచక ఆ గీతకు పువ్వులు కూడా వేశాను.

నాలుగో ఇన్నింగ్స్‌లో కుప్పం జట్టు పొడుగమ్మాయి ఒకతె బాలును గట్టిగా తగిలించింది. అది మా తలల మీదుగా, గట్టు మీదుగా, మల్బరీ మీదుగా పోయి రేకుల షెడ్డు మీద ఢమ్మని పడి, పైకప్పు సందులోంచి లోపలికి జారింది. హోమ్ రన్, అంటే క్రికెట్‌లో సిక్సర్ లాంటిది. కుప్పంవాళ్లు కేకలు పెట్టారు. స్కోరు మూడు, రెండు. వాళ్లది ముందంజ.

మరుక్షణం షెడ్డు తలుపు తెరుచుకుంది. నడుముకు చీరకొంగు బిగించుకున్న ఒకామె బయటికొచ్చి, చెయ్యెత్తింది. అరవలేదు. చెయ్యి మాత్రమే ఎత్తింది. కుప్పంవాళ్ల కేకలు నీళ్లు పోసిన పొయ్యిలా ఆరిపోయాయి. పక్కన కూర్చున్న రైతు నాలుక కరుచుకుని, "అయ్యో, కమలమ్మ పురుగులు జ్వరంలో ఉండాయి," అన్నాడు.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు చర్మం వదులుతుంది. దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. ఆ ఒక రోజు మేత ముట్టదు, కదలదు. దాన్ని ఎవరూ కదిలించకూడదు. ఈ సంగతి నాకు తెలియదు. మైదానంలో నాకూ మా జట్టుకూ అంపైర్‌కూ తప్ప అందరికీ తెలుసు. సగం మంది ఇళ్లలో అవే పురుగులు.

చిక్కేమిటంటే, జట్ల దగ్గర ఉన్న రెండో బాలుకు కుట్లు ఊడిపోయాయి. మొదటిది షెడ్డులో ఉంది. తీసుకురావడానికి అంపైర్ వరదరాజులు సారూ, పని లేనివాణ్ని కాబట్టి నేనూ వెళ్లాము.

"బూట్లు ఆడనే ఇడవండి," అంది కమలమ్మ. "కాళ్లు ఈ బ్లీచింగు నీళ్లలో ముంచండి. సెంటు కొట్టుకున్నోడు బైటనే నిలబడాల."

నేను మేజోళ్లతోనే ముంచేశాను. ఆమె నన్ను చూసిన చూపుతో నేను మళ్లీ ఆరో తరగతికి వెళ్లొచ్చాను.

లోపల అరల మీద అరలు. వేల పురుగులు తలలు పైకెత్తి, కదలకుండా నిలబడి ఉన్నాయి. హాజరు పిలుస్తుంటే తమ పేరు కోసం చూస్తున్నట్టున్నాయి. బాలు ఒక మూల, తడి గోనె కప్పిన ఆకుల మీద పడి ఉంది. పురుగులకేమీ కాలేదు. కమలమ్మ బాలును కొంగుతో తుడిచి, గుసగుసగా అంది: "రేపు పొద్దన లేస్తాయి. అంతదంకా సద్దు సేయగూడదు. ఆడుకోండి, ఎవురొద్దన్నారు? గమ్మున ఆడుకోండి. ఇంగోసారి నా రేకుల మీద పడిందంటే మాత్రం మీ బ్యాటు నా పొయ్యిలోకి పోతాది."

"అమ్మా, గమ్మున ఆడాలని రూల్స్‌లో లేదు," అన్నారు అంపైర్, ఆయనా గుసగుసగానే.

"మీ రూల్సులో పురుగులుండాయా?"

"లేవు."

"అందుకే లేదు."

బయటికొచ్చాక ఇద్దరు కెప్టెన్లనూ పిలిచారు. కుప్పం కెప్టెన్ ముందే ఒప్పుకుంది. వాళ్లింట్లోనూ షెడ్డుందట. షెడ్డు వైపు ఎత్తి కొడితే ఔటు, ఎవరూ నోరెత్తకూడదు అని తీర్మానించారు. గల్లీ క్రికెట్‌లో ఎదురింటి కిటికీ చట్టం యూనివర్సిటీ స్థాయికి ఎదగడం నేను కళ్లారా చూశాను.

అదే మైదానం: గమ్మున

అరవకూడదు అనుకోగానే ఆట వినబడటం మొదలైంది. బాలు గ్లవ్‌లో పడితే ఠప్. మట్టిలో బూటు ముల్లు దిగితే కర్. భార్గవి విసిరే ముందు ముక్కుతో ఊపిరి వదలడం గట్టు మీదికి వినిపించింది. వేగంగా వేసే బాలుకు ఊపిరి పొట్టిది, వంకర బాలుకు పొడుగుది. అది పట్టుకున్నాక, ఇప్పుడేం వేస్తుందో ముందే చెప్పగలిగాను. మూడుసార్లు సరిపోయింది. నాలుగోసారి తప్పి, పక్క రైతు నా తొడ మీద కొట్టాడు. ఆయన కూడా లెక్క కడుతున్నాడని అప్పుడు తెలిసింది. గట్టంతా అదే పనిలో ఉంది. బాగుంటే తువ్వాళ్లు ఎత్తి ఊపారు, బాగా లేకపోతే దించారు.

అరిచే గుంపును చూసి ఈ దారిలో ఎవరూ ఆగరు. గమ్మున ఉన్న గుంపును చూసి రెండు బైకులు ఆగాయి. ఒకతను దగ్గరికొచ్చి, "ఎవురన్నా పోయినారా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాక వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు, కూర్చున్నాడు.

పురుగులు మేత తినవు కాబట్టి ఆ రోజు కమలమ్మకు కూడా పని లేదు. ఆకుల బుట్ట బోర్లించి నా పక్కన కూర్చుంది. ఒక ఇన్నింగ్స్ మొత్తం చూసి, "ఇదీ మా పని మాదిరే ఉండాది," అంది. "శానాసేపు ఏమీ జరగదు. ఆ జరగనప్పుడే కన్నార్పకుండా సూసుకోవాల."

మంచి మాట కదా అని నోట్‌బుక్కు తీశాను.

"ఏం రాసుకుంటాండావప్పా? సర్వేనా? మొన్ననే ఒకడు రాసుకోని పాయ."

చివరి ఇన్నింగ్స్. అప్పటికి స్కోరు మూడు, మూడు. టాస్ ప్రకారం ఆఖరి బ్యాటింగ్ మాది. ఇద్దరు ఔటయ్యారు, మూడో ఔటుతో ఇన్నింగ్స్ అయిపోతుంది. భార్గవి మూడో బేస్‌లో, అంటే ఇంటికి ముందున్న ఆఖరి గ్లాసు దగ్గర ఉంది, ఇంటికి తొంభై అడుగులు. షబానా అనే పిల్ల బ్యాటు పట్టుకుంది. ఎడమ వైపు ఎత్తి కొడితే షెడ్డు, ఔటు, పొయ్యి. కాబట్టి నేలబారుగా కొట్టాలి. కొట్టింది. బాలు ఇద్దరి మధ్య నుంచి దొర్లింది. భార్గవి పరిగెత్తింది. కుప్పం పొడుగమ్మాయి బాలందుకుని విసిరింది. ధూళి లేచింది. ఎవరికీ ఏమీ కనబడలేదు, వినబడలేదు. వరదరాజులు సార్ వంగి చూసి, రెండు చేతులూ పక్కలకు చాపారు. నోరు తెరవలేదు.

ఇంటికొచ్చేసింది. గెలిచాము.

పన్నెండుమంది అమ్మాయిలు నోళ్లు రెండు చేతులా మూసుకుని ఎగరడం మీరెప్పుడైనా చూశారా? గట్టు మీద తువ్వాళ్లన్నీ ఒక్కసారి లేచాయి. నేను కూడా ఎగిరాను. నిష్పక్షపాత పరిశీలకుడిగా ఎగిరాను. దిగాక చూసుకుంటే నా ఎడమ కాలి బూటు వదులుగా ఉంది. షెడ్డు ముందు నాదీ అంపైర్‌దీ మారిపోయాయి. ఆయన తొమ్మిదో నంబరు బూటు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

లెక్క: మొదట ముప్పై ఏడు, చివర యాభై రెండు. మధ్యలో లేచి వెళ్లినవాళ్లు, సున్నా.

మళ్లీ పుంగనూరు: రెండు పేజీలు

ప్రిన్సిపాల్ మేడం గదిలో గంగులప్ప సార్ నా కాగితాలు పైకి చదివారు. భార్గవి తలుపు దగ్గర నిలబడింది. మొదటి పేజీలో అంకెలు. నూట ఎనభై, ముప్పై ఏడు. ఏదీ పెంచలేదు, తగ్గించలేదు.

"ఇంకేముంది, తేలిపోయింది కదా," అన్నారు మేడం.

భార్గవి నన్ను చూడలేదు, గోడ గడియారం చూసింది.

"రెండో పేజీ ఉండాది మేడం," అన్నాను.

అందులో రాసింది ఇది. బాస్కెట్‌బాల్ గొప్ప ఆట. దారిన పోయేవాణ్ని ఆపుతుంది. ఆ శక్తి దేనికీ లేదు. కానీ ఆపాలంటే అది దారిలో ఉండాలి. వెనక మైదానంలో కోర్టు వేస్తే గేటు దాటి, ఆఫీసు దాటి, క్యాంటీన్ దాటి ఏ రెడ్డెప్పా రాడు. ఐదూ ఇరవై బస్సున్నవాడు అసలు రాడు. బేస్‌బాల్‌కు వచ్చేవాళ్లు తక్కువ. వాళ్లు వెతుక్కుంటూ వస్తారు, వచ్చాక కదలరు. వాళ్లకు వెనక మైదానమైనా చాలు. కాబట్టి కోర్టు రోడ్డు పక్కన, గేటు ఎదురుగా వేయాలి. అక్కడ ఇప్పుడున్నది లెక్చరర్ల స్కూటర్ స్టాండు.

చదవడం అయ్యాక సార్ కాగితాలు బల్లమీద పెట్టారు.

"మరి మా బండ్లు యాడ పెట్టాలప్పా?" అన్నారు గంగులప్ప సార్. ఆయన బండి కొత్తది.

"వెనక శానా చోటుండాది గదా సార్. మైదానం అంచున."

మేడం కారులో వస్తారు. ఒప్పుకున్నారు.

కోర్టు వేశారు. సాయంత్రం నాలుగయితే మా కాలేజీ ముందు గోడ కనబడదు, కాళ్లే కనబడతాయి. వెనక మైదానంలో భార్గవి జట్టు ఆడుతోంది. మొదటి వారమే షబానా కొట్టిన బాలు ఒకటి గంగులప్ప సార్ కొత్త బండి అద్దానికి తగిలింది. ఆ మర్నాటి నుంచి తెలుగు సారు, లెక్కల సారు, కెమిస్ట్రీ మేడం క్లాసు అయిపోగానే స్టాఫ్ రూము కుర్చీలు తెచ్చుకుని మైదానం అంచున తమ బండ్ల పక్కనే కూర్చుంటున్నారు. మాట్లాడుకోరు, ఫోను చూడరు, ఆట అయ్యేదాకా లేవరు. ఏమీ జరగనప్పుడు కూడా ఒక్క బాలు మీద నుంచి చూపు తిప్పరు.

మా ఊళ్లో బేస్‌బాల్‌ను ఇంత శ్రద్ధగా చూసే అభిమానులు ముందెప్పుడూ లేరు.